మాట వినే కణం

మా బావగారి సమీకరణం మీరు చూసే ఉంటారు. చూడకపోతే అది మీ తప్పు గానీ ఆయన తప్పు కాదు. ఆయన గది తలుపు మీద ఉంది, విజిటింగ్ కార్డు వెనక ఉంది, మా ల్యాబులో టీ తాగే కప్పుల మీద ఉంది. ఇంటికెళ్తే, తలుపు తీయగానే ఎదురుగా, మామూలు జనం పెళ్లి ఫోటో తగిలించుకునే చోట అద్దాల ఫ్రేములో ఉంది. పెళ్లి ఫోటో బీరువా వెనక ఎక్కడో ఉండాలని అక్క అంటుంది. వెతికే ఓపిక తనకీ లేదట.

దాని గొప్పతనం తెలియాలంటే ముందు మేం చేసే పని చెప్పాలి. ఒంట్లోంచి తీసిన కణాన్ని ఉప్పునీళ్ల గిన్నెలో ఉంచుతాం. మేం దాన్ని సెల్ అంటాం, జేబులో మోగే దానితో దీనికి చుట్టరికం లేదు. వెంట్రుక కన్నా సన్నటి మొన ఉన్న గాజు గొట్టాన్ని దాని పొర మీద ఆనించి, రెండో చివర నుంచి నోటితో కాస్త పీలుస్తాం. అదృష్టం బాగుంటే పొర గాజుకు అతుక్కుపోతుంది. సీలు పడింది అంటాం. ఇక అక్కణ్నుంచి యంత్రం ఆ పొర వోల్టేజిని మేం చెప్పిన చోట పట్టి ఉంచుతుంది. కణం ఊరుకోదు. పొరలో ఉన్న సన్నటి ద్వారాలు తెరుస్తుంది, మూస్తుంది, ఎలాగైనా ఆ పట్టు నుంచి జరగాలని చూస్తుంది. అది ఎంత గుంజితే యంత్రం అంతే బలంగా ఎదురు గుంజుతుంది. ఆ ఎదురు కరెంటే తెర మీద గీతగా పడుతుంది. రద్దీ బజారులో పిల్లవాడి మణికట్టు పట్టుకుని నడుస్తుంటే, వాడెంత పెనుగులాడుతున్నాడో మన చెయ్యి నొప్పిని బట్టి తెలుస్తుంది చూడండి, అలాగన్నమాట.

ఇందులో మా బావగారు కనిపెట్టినది ఏమిటంటే, వోల్టేజి మార్చగానే కణం ఒక్కసారి ఉలిక్కిపడుతుంది, తర్వాత నెమ్మది నెమ్మదిగా తగ్గి, ఒక చోట శాంతించి, ఇక కిక్కురుమనదు. గీత నిటారుగా లేచి, నున్నగా జారి, తిన్నగా సాగిపోతుంది. దీనికి శాంత సమీకరణం అని ఆయనే పేరు పెట్టుకున్నారు. ప్రాణానికి మూలం శాంతమని సభల్లో చెబుతూ ఆయన కళ్లు మూసుకుంటారు. వినేవాళ్లలో కొందరు అంతకు ముందే మూసుకుని ఉంటారు.

వచ్చిన చిక్కల్లా కణాలు ఆ సమీకరణం చదువుకోకపోవడం. ఒకటి లేచిన గీతను దించదు, ఇంకొకటి దించి మళ్లీ లేపుతుంది. అందుకని మా ల్యాబులో కణాలు రెండు రకాలు: వినే సెల్, వినని సెల్. నేను చేరిన కొత్తలో తెలియక అడిగాను.

"వినని సెల్స్‌ని ఎందుకు తీసేస్తున్నాం బావగారూ?"

"అవి జబ్బు సెల్స్ అమ్మాయ్."

"జబ్బు అని ఎలా తెలుస్తుంది?"

"వినవుగా."

"అవునండీ," అన్నాడు పక్కనున్న సీనియరు.

అతని అసలు పేరు ఏమిటో అతనికైనా గుర్తుందో లేదో, అందరం అవునండీ అనే పిలుస్తాం. వినని గీతల్ని కంప్యూటర్లోంచి చెరిపెయ్యడం అతని ఉద్యోగం. దించిన తల ఎత్తకుండా చేస్తాడు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా దగ్గర బాగా విన్న కణాలన్నీ చావుకు దగ్గరపడ్డవే. ద్వారాలు పనిచెయ్యడం మానేశాక ఎలాంటి కణమైనా మర్యాదగానే ఉంటుంది.

ఆయన మరదలిని కాబట్టే నాకు ఆ ల్యాబులో చోటు దొరికిందని బయట చెప్పుకుంటారు. నిజమే, దొరికింది. కానీ ఆయన సంతకం పెట్టకపోతే నా థీసిస్ గడప దాటదు, మరదలినైనా సరే. థీసిస్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నా కణాలు ఆయన చెప్పినట్టే ఉలిక్కిపడి, తగ్గి, శాంతిస్తాయి. ఇంకాసేపు పట్టు వదలకుండా ఉంచితే మాత్రం మళ్లీ సన్నగా వణకడం మొదలుపెడతాయి. పొరలో ఎవరూ పట్టించుకోని ఇంకో రకం ద్వారాలున్నాయి, అవి ఆలస్యంగా తెరుచుకుంటున్నాయి. వాటిని మూసే మందు వేస్తే వణుకు ఆగుతోంది, మందు కడిగేస్తే తిరిగి వస్తోంది. ఆ గీత మొదటిసారి తెర మీద చూసినప్పుడు కుర్చీలోంచి లేచి గంతులేశాను. నా జీవితంలో నాకంటూ దొరికిన మొదటి నిజం అది.

బావగారు దాన్ని ఒక్క చూపు చూసి, కప్పులో టీ ఒక గుక్క తాగారు.

"పట్టు జారింది," అన్నారు.

"పట్టు జారితే మందుకి ఎందుకు ఆగుతుంది బావగారూ?"

"నీ చెయ్యి వణికింది. ఈ అధ్యాయం తీసెయ్. తీశాక తీసుకురా, సంతకం పెడతాను."

"ఒక్కసారి మీరే కూర్చుని రికార్డు చేసి చూడండి."

"ఇక్కడ నేను నీ బావని కాదు, గురువుని," అన్నారాయన. యంత్రం ఆయన ముట్టుకుని ఎంత కాలమైందో యంత్రానికే తెలియాలి. సాయంత్రం ఇంట్లో అదే మాట ఎత్తితే, "ఇక్కడ నేను నీ గురువుని కాదు, బావని. హాయిగా భోంచెయ్," అన్నారు. మనిషి ఎక్కడా దొరకడు.

అలా నా థీసిస్ బల్ల మీద పడి ఉన్న రోజుల్లో పరిశీలక బృందం వస్తుందని కబురు వచ్చింది. మా ల్యాబును పెద్ద కేంద్రంగా మార్చాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి. బావగారు కొత్త బూట్లు కొనుక్కున్నారు. బతికున్న సెల్‌ని వాళ్ల కళ్లముందే పట్టి చూపించాలని నాకు హుకుం జారీ చేశారు.

ఆ రోజు పెందరాళే వెళ్లి యంత్రం ముందు కూర్చున్నాను. కణం జోలికి వెళ్లే ముందు యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడం ఈ పనిలో అందరికీ అలవాటు. దానికి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. లోపల ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు, అంతకు మించి ఏమీ లేదు. గాజు గొట్టం ఉండాల్సిన చోట దాన్ని తగిలిస్తే, యంత్రం నిజమైన కణమే దొరికిందనుకుని దాన్ని పట్టుకుంటుంది. దాన్ని డమ్మీ అంటాం. డమ్మీ తగిలించాను. మైక్రోస్కోపు, గిన్నె, డబ్బా అన్నీ ఇనుప జాలీ గూట్లో ఉంటాయి, ముందు నల్ల తెర. బయటికి కనిపించేది కంప్యూటరు మాత్రమే. నేను మీట నొక్కానో లేదో, తలుపు తెరుచుకుంది. చెప్పిన వేళ కన్నా ముందే బావగారు అతిథుల్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చేశారు.

కంప్యూటరు తెర మీద గీత నిటారుగా లేచి, నున్నగా జారి, తిన్నగా సాగింది.

బావగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"చూశారా!" అన్నారు. "చూశారా ఆ సెల్‌ని!"

"బావగారూ, అది..."

"ష్! కదలకు. నువ్వు కదిలితే సీలు ఊడిపోతుంది."

"కాదు బావగారూ, ఇంకా నేను..."

"మా అమ్మాయి చాలా సిగ్గరి," అని అతిథులకు చెప్పారు. "ఇంత గొప్ప సీలు వేసి, ఇంకా ఏదో సర్దుకుంటానంటుంది. అమ్మాయ్, నోరు మూసుకుని కూర్చో. ఊపిరి కూడా మెల్లగా పీల్చు."

నోరు మూసుకుని కూర్చున్నాను. అతిథులు కాలివేళ్ల మీద నడుస్తూ దగ్గరికి వచ్చారు. ఒకాయన దగ్గు వస్తుంటే రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. లోపల ఉన్న డబ్బాని సుత్తితో కొట్టినా ఆ గీత చెదరదన్న సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బావగారు దాని శాంతం గురించి చెప్పారు, దాని సంస్కారం గురించి చెప్పారు. ఇన్నేళ్ల సాధనలో ఇంత ఆరోగ్యమైన సెల్‌ని చూడలేదన్నారు. నవ్వు ఆపుకోలేక నేను బుగ్గ లోపల కొరుక్కున్నాను.

"సమీకరణం మీద పెట్టవోయ్," అన్నారు బావగారు.

"అవునండీ," అంటూ అతను సమీకరణం గీతను తెచ్చి దాని మీద పెట్టాడు. రెండూ కలిసిపోయాయి. ఏది ఏదో తెలియలేదు. ఎక్కడా గోరంత తేడా లేదు. అందరూ చప్పట్లు కొట్టబోయి, సీలు గుర్తొచ్చి చేతులు గాల్లోనే ఆపేశారు.

నా నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది. నేను చూసిన ఏ కణమూ, చావబోతున్నది కూడా, ఆ సమీకరణానికి అంత అచ్చుగుద్దినట్టు సరిపోలేదు. డబ్బా సరిపోయింది.

అతిథుల్లో తెల్లజుట్టావిడ ఒకరున్నారు. వచ్చినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ నల్ల తెర వైపు చూపించారు.

"ఒకసారి మైక్రోస్కోపులో ఆ సెల్‌ని చూడచ్చా?"

"అయ్యో, తెర తీస్తే పోతుందండీ," అన్నారు బావగారు. "ఇలాంటిది మళ్లీ దొరకదు."

"అలాగా," అన్నారావిడ. నా మొహం వైపు ఒకసారి చూసి, తల ఊపి వెళ్లిపోయారు.

అతిథుల్ని సాగనంపి బావగారు పరుగులాంటి నడకతో తిరిగి వచ్చారు.

"మీకో మాట చెప్పాలి. ఆ సెల్ సెల్ కాదు," అన్నాను.

"తెలుసు. అది రత్నం! నీ థీసిస్‌లో మొదటి బొమ్మ అదే. మీద నా సమీకరణం కూడా గీయించు. అప్పుడు నీ వణుకుళ్లు చివర్లో ఎక్కడైనా పెట్టుకో, నేనేమీ అనను. సంతకం పెట్టేస్తాను."

"ముందు నేను చెప్పేది వినండి బావగారూ."

"అంతా నువ్వు చెయ్యబట్టే, నాకు తెలుసులే," అని నా తల నిమిరి, ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. బావగారు ముందుగదిలో ఫోనులో ఎవరికో రత్నం కథ చెబుతున్నారు. అక్క వంటింట్లో గిన్నెలు తుడిచి అరలో పెడుతోంది. ఒకప్పుడు ఆ చేతులకి సీలు పడని కణం లేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కా బావా ఒకే యంత్రం దగ్గర చదువుకున్నవాళ్లే. బావగారి పుస్తకం ముందుమాటలో గాజు గొట్టాలు అమ్మినాయనకి పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పారు, యంత్రం బాగుచేసినాయనకి చెప్పారు. చివర్న 'ఇంటివారికి' అని ఒక ముక్క ఉంటుంది. అది అక్క.

జరిగినదంతా చెప్పాను. డమ్మీ అనేసరికి అక్క చేతిలో గిన్నె పక్కన పెట్టి, స్టూలు మీద కూలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, ఒక మాట అంది.

"మళ్లీనా?"

"మళ్లీ అంటే?"

అక్క ముందుగది వైపు చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది. ఆ అవసరం ఎప్పుడూ లేదు, ఆయన అక్క మాట వినరు.

"మేం చదువుకునేటప్పుడు యంత్రం అప్పుడే కొత్తగా వచ్చింది. నేను డమ్మీ పెట్టి, చేతులు కడుక్కుని వద్దామని వెళ్లా. వచ్చేసరికి ఈయన తెర ముందు నిలబడి ఏడుస్తున్నారు."

"ఏడవడమేమిటి?"

"ఆనందం! ఇంత అందమైన సెల్ పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నారు. మా పెళ్లి అప్పుడే ఖాయమైంది. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎలా చెప్పను? సాయంత్రం చెబుదాంలే అనుకున్నా. సాయంత్రానికల్లా సమీకరణం రాసేశారు. తెల్లారేసరికి దానికి పేరు పెట్టేశారు."

"తర్వాతైనా చెప్పలేదా నువ్వు?"

"చెప్పకేం? పెళ్లికి ముందు చెప్పా, పెళ్లయ్యాక చెప్పా, పేపరు అచ్చుకి వెళ్లేముందు చెప్పా. నీకు చెయ్యి తిరిగింది గానీ సైన్సు తెలీదు అన్నారు. అలా అనిపించుకుని అనిపించుకుని, ఒక రోజు ల్యాబుకి వెళ్లడం మానేశా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా మా ల్యాబులో ఒక రెసిస్టరులా, ఒక కెపాసిటరులా ఉండలేకపోయిన పాపానికి బతికున్న కణాలన్నీ జబ్బువని బుట్టలోకి పోయాయి. నాకు ముందు చదివినవాళ్లలో ఎంతమందికి ఈ వణుకు కనిపించి ఉంటుందో, ఎంతమంది తమ చెయ్యే వణికిందని నమ్మి ఏడుస్తూ చెరిపించుకుని ఉంటారో! అన్నిటికీ మించి అక్క మీద జాలి కాదు, కోపం వచ్చింది. ఆ కోపం అక్క మీద కాదని కాసేపటికి తెలిసింది.

"ఇప్పుడే వెళ్లి ఆయన మొహం మీదే అడిగేస్తా," అన్నాను.

"అడిగితే ఏమవుతుంది? నీకూ సైన్సు తెలీదంటారు. సంతకం పెట్టరు. కూర్చో," అంది అక్క. "ఆయన ఏం పెట్టమన్నారు? మొదటి బొమ్మగా ఆ గీతే కదా, పెట్టు. కింద ఏది నిజమో అది రాయి. నీ అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చకు."

"కింద రాసింది చదివితే?"

"ఫ్రిజ్ మీద నేను అతికించిన చీటీ ఒక్కటైనా ఆయన ఇంతవరకు చదవలేదు," అంది అక్క, గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

థీసిస్ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లిన పూట నా కాళ్లు నిజంగానే వణికాయి. బావగారు అట్ట తిప్పారు. మొదటి బొమ్మ పేజీ నిండా వచ్చేలా వేయించాను, కింద వాక్యాలు చిన్నవి కాదు, దాచినవీ కాదు. ఆయన చూపు కిందికి జారుతున్నట్టే అనిపించింది. ఇంతలో ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత అందం!" అన్నారు. "వణుకుళ్లు?"

"చివర్లో పెట్టాను బావగారూ. అధ్యాయమంతా ఉంది."

"ఉండనీ. అంతవరకు ఎవరు చదువుతారు?" అంటూ కళ్లద్దాలు లేకుండానే సంతకం పెట్టారు. పరీక్షకు ఎవర్ని పిలవాలో కూడా ఆయనే నిర్ణయించారు. ఆ రోజు అంత మర్యాదగా తల ఊపి వెళ్లిన తెల్లజుట్టావిడనే.

వైవా రోజు హాలు నిండింది. బావగారు మొదటి వరసలో కూర్చున్నారు, పక్కన అవునండీ. అక్క వెనక వరసలో, తలుపు దగ్గర. అక్క ఆ భవనంలో అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో. ఆయన చూడలేదు, ఆయన వెనక్కి తిరగరు.

తెల్లజుట్టావిడ చివరి అధ్యాయంతో మొదలుపెట్టారు. మందు సంగతి అడిగారు, కడిగేసిన సంగతి అడిగారు, పట్టు జారలేదని ఎలా చెప్పగలవని గుచ్చి గుచ్చి అడిగారు. అన్నిటికీ చెప్పాను. నా చెయ్యి వణకలేదు.

"ఇది కొత్త విషయం," అన్నారావిడ చివరికి. "బతికున్న సెల్ ఇలా ఉంటుందని నేనూ ఎప్పుడో అనుమానించాను. నీకు డిగ్రీ ఇవ్వమని రాస్తున్నాను. నీ పని అయిపోయింది, కూర్చో అమ్మా."

కూర్చోబోయాను. సంతోషం గొంతు దాకా ఉంది.

"మీ గురువుగారితో ఒక చిన్న మాట," అని ఆవిడ థీసిస్ పేజీలు వెనక్కి, మొదటి బొమ్మ దగ్గరికి తిప్పారు. దాని కింద ఉన్నది పైకి చదివారు. "యంత్రాన్ని పరీక్షించడానికి వాడిన డమ్మీ గీత ఇది. ఇందులో సెల్ లేదు. దీని మీద గీసినది శాంత సమీకరణం. రెండిటికీ తేడా కనిపించలేదు."

"అవునండీ," అన్నాడు అతను, అలవాటు కొద్దీ.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బావగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు, బొమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"ఆ రోజు నల్ల తెర తియ్యనివ్వలేదు మీరు," అన్నారు తెల్లజుట్టావిడ, అంతే మర్యాదగా. "అది సరే. నిన్న మీ మొట్టమొదటి పేపరు తీసి చూశాను. సమీకరణం పుట్టింది అందులోని గీత నుంచే కదా? అది కూడా ఈ డమ్మీతో సరిగ్గా సరిపోతోంది. ఆ రికార్డింగు చేసింది మీరేనా?"

ఆయనకి లెక్కలు త్వరగా వస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఏం పోతుందో, ఒప్పుకోకపోతే ఏం మిగులుతుందో ఆయన మొహంలో చకచకా నడిచిపోయింది.

"అది... నేను చేసింది కాదండీ," అన్నారు మెల్లగా. "నా భార్య చేసింది. యంత్రం దగ్గర కూర్చున్నదీ, రికార్డు చేసిందీ, అంతా ఆవిడే."

పుస్తకం ముందుమాటలో రాని మాట, ఒక్క సభలోనూ, ఒక్క కప్పు మీదా రాని మాట. సమీకరణం తప్పని తేలిన పూట వచ్చింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అక్క లేచి నిలబడింది.

"ఇక్కడికి సరిగ్గా వినపడలేదండీ," అంది. "కొంచెం గట్టిగా చెప్పండి."

బావగారు అవునండీ వైపు చూశారు. అతను తల దించుకుని ఊరుకున్నాడు. ఇక దారిలేక బావగారు లేచి, వెనక్కి తిరిగి, హాలంతటికీ వినపడేలా మళ్లీ చెప్పారు.